తప్పిన ప్రశ్న మళ్లీ వస్తుంది

ఇస్నాపూర్
10 జూన్ 2001

అక్కకు నర్సింహ నమస్కరించి రాస్తున్నాడు.

ఇక్కడ నేను బాగున్నాను. నువ్వు, బావ, మీ అత్తమ్మ బాగున్నారని తలుస్తాను. ఆమె తుంటి ఎముక అతుక్కుందా, ఇంకా మంచం మీదేనా? ఎస్‌టీడీ బూత్ నుంచి మీ పక్కింటికి ఫోన్ చేద్దామని పోయాను. అక్కడ లైనులో అందరూ మా మందుల ఫ్యాక్టరీ వాళ్లే. నేను చెప్పబోయే మాట వాళ్ల చెవిన పడితే దిష్టి తగులుతుందని వెనక్కి వచ్చి ఉత్తరం రాస్తున్నాను.

అక్కా, నేను ఫస్టు వచ్చాను.

నువ్వు నమ్మవని తెలుసు. మందులు కలిపే పెద్ద ఇనుప పాత్రల దగ్గర, అదే రియాక్టర్ల దగ్గర, మేం చేసే ప్రతి పనికీ ఇంగ్లీషులో రాసిన నియమాలుంటాయి. ఇన్నాళ్లూ సూపర్‌వైజర్ ఆ కాగితం తెచ్చి "సదివినవా?" అనేవాడు, "సదివిన" అని సంతకం గీకేవాళ్లం. ఇప్పుడా ఆట సాగదు. ట్రైనింగ్ రూములో కంప్యూటర్ పెట్టి, అందులో కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు, ఒక పాస్‌వర్డ్. తెర మీద పేజీ వస్తుంది, చదవాలి. తర్వాత ప్రశ్నలు వస్తాయి. తప్పిన ప్రశ్న మర్నాడు మళ్లీ వస్తుంది. సరిగ్గా చెబితే కొన్నాళ్లు ఊరుకుని, ఇక మర్చిపోయి ఉంటామనుకున్నప్పుడు మళ్లీ అడుగుతుంది. "సదివింది మరువనియ్యది ఇది. మీ నెత్తిల మేకు కొట్టినట్టు కూసుంటది" అని మా ట్రైనింగ్ ఆఫీసర్ రాజారావు సారు చెప్పాడు.

మొదటిసారి చెప్పిన జవాబులకు వచ్చిన మార్కులు గోడకు అంటించారు. మా షిఫ్టులో అందరికన్నా పైన నా పేరు. రాజారావు సారు అందరి ముందు నా భుజం తట్టాడు. సెప్టెంబరులో విదేశాల నుంచి తనిఖీకి వస్తారట. షిఫ్టుకొకరిని రియాక్టర్ దగ్గర నిలబెట్టి ప్రశ్నలడుగుతారట. మా షిఫ్టు నుంచి నన్ను నిలబెడతారు. అది బాగా జరిగితే నన్ను పర్మినెంట్ చేయిస్తానని సారు తన నోటితో అన్నాడు.

కర్దనూర్‌లో మన పొలం అమ్ముకున్నప్పటి నుంచి నాకు ఈ ఉద్యోగం తప్ప ఏమీ లేదని నువ్వు బాధపడుతుంటావు కదా. ఇక బాధపడకు.

నీ తమ్ముడు
నర్సింహ


సంగారెడ్డి
17 జూన్ 2001

చిరంజీవి నర్సింహకు అక్క దీవెనలు.

సంతోషపడాలో భయపడాలో తెలియక నీ ఉత్తరం మా అత్తమ్మకు చదివి వినిపించాను. ఆమె మంచం మీద నుంచే, "మీ తమ్ముడా? గా ఇంగిలీషు పరీచ్చ తప్పి వడ్లబస్తాల ఎనుక దాసుకున్న పిలగాడేనా?" అంది. నిన్న ఏం కూర తిన్నదో ఆమెకు గుర్తుండదు, ఇది మాత్రం గుర్తుంది.

నాకూ గుర్తుంది. పదో తరగతి ఇంగ్లీషు రెండుసార్లు పోయింది నీకు. మూడోసారి గట్టెక్కావంటే అది నా గొంతు పోయేలా చదివించినందుకు. ఇంగ్లీషు పేజీ చేతికిస్తే బొమ్మలున్నాయేమోనని తిరగేసేవాడివి. అలాంటి నువ్వు ఇంగ్లీషు నియమాలు చదివి, షిఫ్టులో మొదటివాడివి ఎట్లా అయ్యావు? బడిలో పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని నేను. హోంవర్కు ఎవరు రాశారో, పక్కన కూర్చుని ఎవరు రాయించారో మొహం చూస్తే తెలుస్తుంది. నీ మొహం కనపడకపోయినా నీ చేతిరాత కనపడుతోంది. సంతోషంగా ఉన్నప్పుడు నీ వరుసలు పైకి ఎక్కుతాయి. ఈ ఉత్తరంలో అన్నీ కిందికి జారాయి.

ఆ పరీక్ష నువ్వే రాశావా? అవును, కాదు, ఈ రెండింట్లో ఒకటి రాయి. నీళ్లు నమలకు.

అసలు ఒక్క బస్సెక్కితే వచ్చే దూరంలో ఉండి ఉత్తరాలు రాసే తమ్ముడు నాకే దొరికాడు. నేను వద్దామంటే అత్తమ్మను వదిలి కదలలేను. నీకేమైంది?

అక్క
కౌసల్య


ఇస్నాపూర్
25 జూన్ 2001

అక్కకు నమస్కారం.

నాకేమైందంటే సెలవులన్నీ రద్దయ్యాయి. తనిఖీ కోసం గోడలకు రంగులు, పైపులకు రంగులు. మనిషి కదలకుండా నిలబడితే వాడికీ ఒక పూత వేసేట్టున్నారు. ఆదివారం కూడా డ్యూటీయే.

ఇక నీ ప్రశ్న. కాదు.

తిట్టే ముందు పూర్తిగా చదువు. నాతో గదిలో ఉండే చిన్నరాములు తెలుసు కదా, నారాయణఖేడ్ వైపు వాడు. ఇంటర్ చదివాడు. మా షిఫ్టులో ఇంగ్లీషు చదవగలిగేది వాడొక్కడే. అందుకని అందరం మా నంబర్లు వాడికే ఇచ్చేశాం. పాస్‌వర్డ్ కూడా అందరం ఒకటే పెట్టుకున్నాం, మర్చిపోకుండా. వాడు కూర్చుని వరుసగా అందరి పరీక్షా తనే రాసేశాడు. దీన్ని నువ్వు మోసం అంటావేమో. మన కర్దనూర్‌లో బ్యాంకు కాగితం వచ్చినా, కరెంటు వాళ్ల నోటీసు వచ్చినా అందరూ ఐలన్న దగ్గరికే పోయేవాళ్లు కదా. చదివేవాడు చదివి చెప్పేవాడు, మిగతావాళ్లు వేలిముద్ర వేసేవాళ్లు. అది తప్పని ఎవరైనా అన్నారా? ఇక్కడా అంతే అనుకున్నాం.

మొదటిసారి రాసేటప్పుడు వాడికి ఆ ప్రశ్నలు ఎట్లా వస్తాయో తెలియలేదు. చాలా తప్పాడు. అవే ప్రశ్నలు ఒకరి తర్వాత ఒకరి నంబరు మీద చదివీ చదివీ చివరికి కళ్లు మూసుకుని కొట్టేశాడు. అందుకే ముందున్నవాళ్లకు తక్కువ, వెనకున్నవాళ్లకు ఎక్కువ. నేను అందరికీ చాయ్ తేవడానికి క్యాంటీన్‌కు పోయాను, కాబట్టి నాది అందరికన్నా చివర పడింది. ఇందులో నా తప్పేముంది? చాయ్ తేవడమే నా తప్పు.

ఇప్పుడేం చేయాలో చెప్పు. పరేషాన్‌గా ఉంది.

నర్సింహ


సంగారెడ్డి
2 జులై 2001

నర్సింహకు,

దీవెనలు తర్వాత. ముందు నా ఒళ్లు మండుతోంది, అది చల్లారనీ.

మీకు చదివింది గుర్తుండాలని లక్షలు పోసి ఒక పెట్టె తెచ్చి పెడితే, దాని ముందు చదువు వచ్చినవాణ్ణి కూర్చోబెట్టి మీరు చాయ్ తాగారు. ఐలన్న చదివింది బ్యాంకు కాగితం. అది ఎవరు చదివినా ఒకటే. ఇది మంటలకు దగ్గరగా చేసే పని. చిన్నరాములు చదివితే నీ చేతికి ఎట్లా తెలుస్తుంది? ఆ పెట్టె తన పని తాను చేసింది. ఒకే పేజీని మళ్లీ మళ్లీ అడిగి గుర్తుపెట్టించింది, కాకపోతే షిఫ్టు మొత్తంలో ఒక్క చిన్నరాములుకు. దానికున్న బుద్ధి మీలో ఒక్కరికీ లేకపోయింది. ఇంగ్లీషు రానివాళ్లకు ఇంగ్లీషులో నియమాలు పెట్టిన మీ పెద్దవాళ్లకు అసలే లేదు.

ఇంకో సంగతి నేనూ దాచాను. నీ మొదటి ఉత్తరం రాగానే, అనుమానం అనుమానంగానే ఉండగా, బడిలో పేడాలు పంచేశాను. మా తమ్ముడు పర్మినెంట్ అవుతున్నాడని హెడ్‌మిస్ట్రెస్ దాకా చెప్పాను. బావ మన పెద్దనాన్న వాళ్లకు కూడా కబురు పంపాడు. ఇప్పుడు నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను?

కాబట్టి విను. ఎవరికీ ఏమీ చెప్పకు. నోరు మూసుకో. పొలం పోయింది, ఇది కూడా పోతే నీ బతుకేమిటి? కానీ తనిఖీ నాటికి ఆ నియమాలు నిజంగా నీ తలలో ఉండాలి. ఆ నియమాల కాగితాలు ఎట్లాగూ మీ గేటు దాటి బయటికి తేనివ్వరు కాబట్టి, చిన్నరాములు చేత తెలుగులో చెప్పించుకుని నాకు రాసి పంపు. నేను ప్రశ్నలు పంపుతాను. నువ్వు చూడకుండా జవాబులు రాయాలి. తప్పినవి మళ్లీ పంపుతాను. ఇకనుంచి నీ సాఫ్ట్‌వేర్ నేనే.

మొదటి ప్రశ్న ఇప్పుడే. చిన్నరాములు అందరికన్నా ముందు ఎవరి నంబరు మీద రాశాడు? తక్కువ మార్కులు వచ్చినవాళ్లను ఏం చేస్తారు?

అక్క


ఇస్నాపూర్
13 జులై 2001

అక్కకు,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. చిన్నరాములు వంట చేస్తూ చెబుతాడు, నేను ఉల్లిగడ్డలు కోస్తూ రాసుకుంటాను. వాడు చెప్పే వేగానికి నా పెన్ను అందదు. "జెర మెల్లగ జెప్పురా" అంటే, "నువ్వు జల్దీ రాయి, అన్నం మాడుతున్నది" అంటాడు. రెండుసార్లు మాడింది కూడా.

నాకు అర్థమైనంత ఇది. పని మొదలుపెట్టే ముందు రియాక్టర్ మీద కడిగినట్టు చీటీ ఉందో లేదో చూడాలి. మండే ద్రవం పోసే డ్రమ్ముకు ముందుగా ఎర్తింగ్ క్లిప్పు పెట్టాలి, లేకపోతే చిన్న నిప్పురవ్వతోనే అంటుకుంటుంది. పొడి వేసేటప్పుడు మాస్కు తీయకూడదు. రియాక్టర్ లోపల కలిపే రెక్కలను మేం స్టర్రర్ అంటాం. దాన్ని తిప్పే బటన్ నొక్కే ముందు పైమూత తీసి, టార్చి వేసి, లోపల మనుషులు లేరని చూడాలి. కడగడానికి ఒక్కోసారి మనిషే దిగుతాడు. వేడి ఎంత దాకా పోనివ్వాలి, దాటితే ఏ వాల్వు తిప్పాలి అన్నవి వేరే కాగితం మీద రాశాను.

రాజారావు సారు ఎదురుపడినప్పుడల్లా "ఏం నర్సింహా, తయారేనా?" అంటున్నాడు. ఆయన దూరంగా కనపడితే పక్క దారి పడుతున్నాను.

నర్సింహ


సంగారెడ్డి
19 జులై 2001

నర్సింహకు,

నీ కాగితం మీద పసుపు మరకలు, నూనె మరకలు. ఉల్లిగడ్డ వాసనకు ఉత్తరం చదువుతూ నేనెందుకు ఏడవాలి?

ప్రశ్నలు ఇవి. నీ కాగితం దగ్గర పెట్టుకోకు. డ్రమ్ములోంచి ద్రవం పోసే ముందు ఏం తగిలించాలి, ఎందుకు? చీటీ లేని రియాక్టర్ దగ్గర ఏం చేయాలి? మాస్కు ఎప్పుడు తీయవచ్చు? స్టర్రర్ తిప్పే ముందు ఏం చూడాలి?

ఇంకోటి. పోయిన ఉత్తరంలో అడిగినదానికి జవాబు రాలేదు. మొదట ఎవరి నంబరు? తక్కువ వచ్చినవాళ్లను ఏం చేస్తారు?

అక్క


ఇస్నాపూర్
30 జులై 2001

అక్కకు,

చూడకుండానే రాస్తున్నాను, ఒట్టు.

డ్రమ్ముకు ఎర్తింగ్ క్లిప్పు తగిలించాలి, నిప్పురవ్వ పుట్టకుండా. చీటీ లేకపోతే పని మొదలుపెట్టకూడదు, సూపర్‌వైజర్‌ను పిలవాలి. మాస్కు బయటికి వచ్చాక తీయాలి. స్టర్రర్ తిప్పే ముందు గేర్ బాక్సులో నూనె చూడాలి.

వానలు బాగా పడుతున్నాయి. మా గది కురుస్తోంది. ఓనరును అడిగితే, "కిరాయి వెంచు, రేకులు మారుస్త" అంటున్నాడు. అత్తమ్మకు నా నమస్కారం చెప్పు.

నర్సింహ


సంగారెడ్డి
6 ఆగస్టు 2001

నర్సింహకు,

మూడు సరే. నాలుగోది తప్పు.

నూనె చూస్తావట నూనె! లోపల ఒక మనిషి ఉంటే, నువ్వు నూనె చూసుకుని తీరిగ్గా బటన్ నొక్కుతావు. నీ చేత్తో నువ్వే రాసి పంపిన మాట నీకు గుర్తు లేదు. పైమూత తీసి, టార్చి వేసి, లోపల మనుషులు లేరని చూడాలి. ఇది పదిసార్లు రాయమని మా మూడో తరగతి పిల్లలకైతే చెప్పేదాన్ని. నువ్వు రాయనక్కర్లేదు, బటన్ చూసినప్పుడల్లా నా మొహం గుర్తుచేసుకో. అది చాలు, చెయ్యి దానంతట అదే ఆగుతుంది.

వానల సంగతి, రేకుల సంగతి నేను అడగలేదు. అడిగింది మాత్రం ఇది మూడోసారి. మొదట ఎవరి నంబరు? తక్కువ వచ్చినవాళ్లను ఏం చేస్తారు? నువ్వు తప్పించుకుంటున్నకొద్దీ నాకు జవాబు తెలిసిపోతోంది. అయినా నీ నోటి నుంచే రావాలి. ఈసారీ రాకపోతే అత్తమ్మను పక్కింటివాళ్లకు అప్పజెప్పి మీ గేటు దగ్గరికే వస్తాను. సెక్యూరిటీ వాళ్ల ముందు చెవి మెలేస్తాను.

అక్క


ఇస్నాపూర్
27 ఆగస్టు 2001

అక్కకు,

చిన్నరాములు మొదట రాసింది తన నంబరు మీదే. అందరికన్నా తక్కువ మార్కులు వాడివే. గోడ మీద అందరికన్నా కింద వాడి పేరు ఉంది.

తనిఖీ అయిపోగానే, తక్కువ వచ్చినవాళ్లను తీసేయమని కాంట్రాక్టరుకు చెప్పారు. మా షిఫ్టులో పాసు మార్కులు రానిది వాడొక్కడికే. వాడి గేటు పాసు తీసుకుంటారు. ఇది నాకు జులై మొదట్లోనే తెలుసు. నీకు రాయలేదు. రాస్తే నువ్వేమంటావో తెలుసు కాబట్టి రాయలేదు.

వాడికీ తెలుసు. అయినా రోజూ ఎప్పటిలాగే వండుతూ నాకు నియమాలు చెబుతున్నాడు. ఆ కోపమేదో నా మీద చూపించినా బాగుండేది. నిన్న ఉండబట్టలేక నేనే ఆ మాట ఎత్తాను. "అరే, నీ నౌకరి పోతదిరా" అన్నాను. వాడు కూర కలుపుతూ, "ఇద్దరి నౌకరి పోతే గీ రూమ్ ఎవడు నిలవెడ్తడు? నీకు పర్మినెంట్ గానీ. నేను ఇంకో కంపెనీ సూసుకుంట. వేడి ఎంత దాక పోనియ్యాలె, చెప్పు" అని ప్రశ్న అడిగాడు. జవాబు తెలిసి కూడా, నీళ్లకని బిందె పట్టుకుని బయటికి పోయాను.

నోరు మూసుకోమన్నది నువ్వే. మూసుకున్నాను. ఇప్పుడు అన్నం లోపలికి పోవడం లేదు. ఏం చేయాలో కూడా నువ్వే చెప్పు. నీకు ప్రశ్నలు అడగడం బాగా వచ్చు కదా, ఒక్కసారి జవాబు చెప్పు.

నర్సింహ


సంగారెడ్డి
1 సెప్టెంబరు 2001

నర్సింహకు,

నోరు మూసుకోమని రాసింది నేనే. పేడాలు పంచుకున్న సిగ్గుతో రాశాను, పొలం పోయిన భయంతో రాశాను. అప్పుడే నీ ఉత్తరం సగం చదివి నాకు అనుమానం వచ్చింది, ముందు కూర్చున్నవాడి గతేమిటని. అందుకే ప్రశ్న వేశాను. నువ్వు జవాబు ఇవ్వకపోతే విసుక్కున్నాను గానీ, లోపల్లోపల హాయిగానే ఉంది. జవాబు వస్తే నేను కూడా ఏదో ఒకటి చేయాల్సి వచ్చేది. నీ మీద ఎంత కోపం ఉందో నా మీద అంతకు రెట్టింపు ఉంది.

ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. పేడాలు తిన్నవాళ్లు తిన్నారు, అరిగిపోయాయి.

ఏం చేయాలో నేను చెప్పను. చెబితే అది కూడా నీ పరీక్ష నేను రాసినట్టే అవుతుంది. నువ్వు తప్పిన ప్రశ్న ఒకటి మిగిలి ఉంది, అదే మళ్లీ అడుగుతున్నాను.

స్టర్రర్ తిప్పే ముందు ఏం చూడాలి?

అక్క


ఇస్నాపూర్
30 సెప్టెంబరు 2001

అక్కకు నమస్కారం.

ఆలస్యమైనందుకు తిట్టకు. తిట్టేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు.

నీ ఉత్తరం అందిన మర్నాడే రాజారావు సారు దగ్గరికి పోయాను. "సార్, గా మార్కులు నావి కావు. మా అందరియి చిన్నరాములే రాసిండు. తనది ఫస్టు రాసుకున్నడు, గందుకే తప్పిండు" అని చెప్పేశాను. సారు తల పట్టుకున్నాడు. "తనిఖీ నెత్తి మీదికొచ్చినంక చెప్తున్నవా? ఇన్ని రోజులు నోట్లె ఏం పెట్టుకున్నవ్?" అని అరిచాడు. నాకూ కోపం వచ్చింది. "సార్, మాకు వచ్చింది తెలుగు. గా పెట్టెల తెలుగు ఎందుకు పెట్టలే?" అన్నాను. ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. సారు తలుపు వైపు చెయ్యి చూపించి, "నడువ్ బయటికి" అన్నాడు.

ఉద్యోగం పోయిందనుకున్నాను. పోలేదు. ఆ వారమే షిఫ్టు మొత్తాన్నీ ఒక్కొక్కరిగా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. తానే వెనక నిలబడి ప్రతి ప్రశ్ననూ తెలుగులో చదివి చెప్పాడు. అందరూ తప్పారు, ఇద్దరు తప్ప. చిన్నరాములుకు ఒక్కటీ పోలేదు. నాకు అరవై రెండు వచ్చాయి. అరవై దాటితే పాసు. గోడ మీద పట్టిక మార్చారు. అందర్నీ తీసేస్తే షిఫ్టే ఉండదు కాబట్టి, తప్పినవాళ్లను మళ్లీ చదివి రాయమన్నారు. వాడి గేటు పాసు వాడి దగ్గరే ఉంది. షిఫ్టులో మిగతావాళ్లు మాత్రం నాతో మాట్లాడటం లేదు. మళ్లీ చదవాల్సి వచ్చిందని వాళ్ల లొల్లి.

తనిఖీ రోజు చిన్నరాములును ఉతికిన బట్టలతో రియాక్టర్ దగ్గర నిలబెట్టారు. ఆ తెల్లాయన వచ్చాడు. పైకప్పు చూశాడు, ఒక పైపు మీద రంగు గోకి చూశాడు, రికార్డులు చూశాడు, పోయాడు. అక్కా, ఎవర్నీ ఏమీ అడగలేదు! మూడు నెలల నుంచి మా తల ప్రాణం తోకకు తెచ్చి, ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. చిన్నరాములు మొహం చూడాల్సింది. సాయంత్రం గదికి వచ్చి, "నన్ను అడగకపోతె నువ్వన్న అడుగురా" అని నా చేత అన్నీ అడిగించుకుని జవాబులు చెప్పాడు.

పర్మినెంట్ ఎవరికీ రాలేదు. నాకూ లేదు, వాడికీ లేదు. వచ్చే ఏడు చూద్దామన్నారు. ఈ మాట రాయడానికి చెయ్యి రాలేదు, అందుకే ఇన్నాళ్లు ఆగాను.

కానీ ఈ ఉత్తరం దాని కోసం కాదు. మొన్న ఒక సంగతి జరిగింది.

షిఫ్టు మారే సమయం. కొత్త పని మొదలుపెట్టమన్నారు. కడిగినట్టు చీటీ ఉంది. నూనె చూశాను. బటన్ మీద వేలు పెట్టాను. నువ్వు గుర్తొచ్చావు, చెవి మెలేసే మొహంతో. విసుగొచ్చింది. ఇప్పుడు ఎవరుంటారు లోపల, చీటీ ఉండగా, అనుకున్నాను. అయినా నువ్వు పోలేదు. సరేనని, ఓరగా వేసి ఉన్న పైమూత తీసి టార్చి వేశాను.

లోపల మనిషి ఉన్నాడు.

ఒడిశా నుంచి కొత్తగా వచ్చినవాడు. పక్క రియాక్టర్ కడగమంటే ఇందులో దిగాడు. కింద కూర్చుని రెక్కలు తోముతున్నాడు. నా టార్చి కళ్లలో పడేసరికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "అరే భాయ్, లైట్ హటావ్ నా!" అని, లైటు పక్కకు తీయమంటూ నా మీదే విసుక్కున్నాడు.

వాణ్ణి పైకి లాగి అక్కడే డ్రమ్ము మీద కూర్చున్నాను. వాడేమో నేనెందుకు ఏడుస్తున్నానో తెలియక నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు.

నీ ప్రశ్నకు జవాబు ఇది. ఆలస్యమైంది.

నీ తమ్ముడు
నర్సింహ


సంగారెడ్డి
6 అక్టోబరు 2001

చిరంజీవి నర్సింహకు అక్క అనేక దీవెనలు.

నీ ఉత్తరం బడిలో అందింది. చదివి మళ్లీ మడవలేకపోయాను. పిల్లలు "టీచర్, ఏమైంది?" అంటే, ఏమీ కాలేదని చెప్పాను. నిజంగానే ఏమీ కాలేదు కదా. ఏమీ కాకుండా చూసినందుకు నీకెవరూ మార్కులు వేయరు, గోడకు పేరు అంటించరు. నేను వేస్తున్నాను.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ చేతికర్ర పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "మీ తమ్మునికి ఎన్ని మార్కులచ్చినయి?" అని అడిగింది. అరవై రెండన్నాను. "ఫస్టు అంటివి గదనే. మల్ల తప్పిండా?" అంది. "లేదు అత్తమ్మా, ఈసారి పాసయిండు" అన్నాను. అనేసి వంటింట్లోకి పోయి గట్టిగా ఏడ్చాను.

పర్మినెంట్ రాలేదని నాకు బాధ లేదని రాస్తే అది అబద్ధం. ఉంది. హెడ్‌మిస్ట్రెస్‌కు ఏదో ఒకటి చెప్పుకుంటాను. ఈ ఆదివారం చిన్నరాములును వెంటబెట్టుకుని అన్నానికి రా. సెలవు లేదంటే ఊరుకోను. ఇద్దరి చేత మాడని అన్నం తినిపించాలి.

అంత పెద్ద ఉత్తరం రాశావు. పైపు మీద రంగు గోకిన సంగతి రాశావు, ఉతికిన బట్టల సంగతి రాశావు. లోపల ఉన్న ఆ మనిషి పేరు మాత్రం రాయలేదు. అడగలేదు కదూ?

పేరు కనుక్కుని, ఆయన్ని కూడా తీసుకురా. జవాబు రాకపోతే మళ్లీ అడుగుతాను.

అక్క
కౌసల్య